కదలని ఫ్లాస్కును నమ్మకండి

నీటిలో కరిగే మోనోమర్లతో పనిచేసే ప్రతి ఒక్కరికీ ఈ మాట. అది ఆక్రిలమైడ్ కావచ్చు, ఆక్రిలిక్ ఆమ్లం కావచ్చు. మీరు ఎమ్మెస్సీ ప్రాజెక్టు మొదలుపెట్టిన విద్యార్థి కావచ్చు, పీహెచ్‌డీ స్కాలర్ కావచ్చు, పారిశ్రామికవాడలో చిన్న రియాక్టర్ చూసుకునే కెమిస్టు కావచ్చు. పాలిమరీకరణ వేగం కొలవడానికి ఫ్లాస్కు బిగించే ముందు ఒక్క పది నిమిషాలు ఆగండి. ఈ ప్రయోగం కనిపించేంత సాధువు కాదు.

పైకి చూస్తే భయపడాల్సిందేమీ ఉండదు. మంట లేదు. ఈథర్ లేదు. నీళ్ళు, అందులో కాస్త మోనోమర్, చిటికెడు పొటాషియం పర్‌సల్ఫేట్, 60 డిగ్రీల వాటర్ బాత్. పుస్తకంలోని సమీకరణం కూడా నెమ్మదిగానే కనిపిస్తుంది. మోనోమర్ గాఢత ఎంత పెరిగితే వేగం అంత పెరుగుతుంది. ఇనిషియేటర్ విషయంలో అయితే వర్గమూలమే. నాలుగింతలు వేస్తే వేగం రెండింతలే అవుతుంది. ఈ లెక్క చూసి ధైర్యం వచ్చేస్తుంది. ఆ ధైర్యం దగ్గరే ప్రమాదం మొదలవుతుంది.

అల్మారాలో మోనోమర్ సీసా నెలల తరబడి ఏమీ కాకుండా ఎలా ఉంటోందో ఎప్పుడైనా ఆలోచించారా? ఆక్రిలిక్ ఆమ్లంలో కంపెనీవాళ్ళు మెథాక్సీఫినాల్ అనే నిరోధకం కలిపి పంపుతారు, మామూలుగా 200 పీపీఎం. ఆ నిరోధకం ఒంటరిగా పనిచేయదు. ద్రవంలో కరిగిన ఆక్సిజన్ దానికి తోడుండాలి. అందుకే ఆక్రిలిక్ ఆమ్లం నిల్వ చేసే పాత్రలో పైన గాలి ఉండాలి, నైట్రోజన్ నింపకూడదు. 50 శాతం ఆక్రిలమైడ్ ద్రావణానికి రాగి అయాన్లూ, కరిగిన గాలీ కాపలా. ఈ కాపలా ఉన్నంతసేపే సీసా మన మాట వింటుంది.

వేగం కొలిచేవాళ్ళకు ఈ కాపలా అంతా అడ్డమే. నిరోధకం ఉంటే అంకెలు చెడతాయి. ఆక్సిజన్ ఉంటే పుట్టిన రాడికల్‌ను పుట్టినట్టే మింగేస్తుంది. అందుకని ఆమ్లాన్ని తక్కువ పీడనం కింద స్వేదనం చేస్తాం. ఆక్రిలమైడ్‌ను మళ్ళీ స్ఫటికీకరిస్తాం. ద్రావణంలోకి అరగంట నైట్రోజన్ పంపి గాలిని తరిమేస్తాం. శుభ్రమైన కొలత కావాలని, ఉన్న రక్షణలన్నిటినీ మన చేత్తో మనమే తీసేస్తాం. తీయక తప్పదు, నిజమే. మరి వాటి స్థానంలో ఏం పెట్టారు? ఈ ప్రశ్నకు జవాబు లేకుండా బాత్ స్విచ్ వేయకండి.

పైగా ఈ మోనోమర్లకు నీటిలో ఉన్న వేగం మామూలుది కాదు. మన పాఠాలన్నీ స్టైరీన్‌తో మొదలవుతాయి. 25 డిగ్రీల దగ్గర స్టైరీన్ గొలుసు పెరిగే వేగ స్థిరాంకం సెకనుకు, మోల్‌కు 86 లీటర్ల చిల్లర. అదే ఉష్ణోగ్రతలో నీళ్ళలోని ఆక్రిలమైడ్‌కూ, ఆక్రిలిక్ ఆమ్లానికీ ఆ అంకె పదివేలు దాటేస్తుంది. ఆక్రిలిక్ ఆమ్లం విషయంలో ఇంకో మెలిక ఉంది. ద్రావణం పలుచబడే కొద్దీ ఈ స్థిరాంకం తగ్గదు, పెరుగుతుంది. స్టైరీన్ పాఠం చదివిన కళ్ళతో ఆక్రిలిక్ ఆమ్లాన్ని చూడకండి.

అన్నిటికంటే నన్ను భయపెట్టేది ప్రయోగంలో మొదటి అరగంట. ఇనిషియేటర్ వేశారు. గడియారం నొక్కారు. పది నిమిషాలకు తీసిన శాంపిల్‌లో బ్రోమిన్ టైట్రేషన్ విలువ మారలేదు. ఇరవై నిమిషాలకూ అంతే. గైడ్ ఊళ్ళో లేరు. హాస్టల్ బస్సుకు టైమవుతోంది. పర్‌సల్ఫేట్ పాతబడిందేమో, ఇంకొంచెం వేద్దామనిపిస్తుంది. పోనీ బాత్‌ను 80కి పెడదామనిపిస్తుంది. మీకు దణ్ణం పెడతాను, ఆ రెండు పనులూ చేయకండి.

ఫ్లాస్కు ఖాళీగా కూర్చోలేదు. పర్‌సల్ఫేట్ విడిపోతూనే ఉంది, రాడికల్స్ పుడుతూనే ఉన్నాయి. మిగిలిపోయిన ఆక్సిజన్, మిగిలిపోయిన నిరోధకం వాటిని తింటున్నాయి. ఆ తిండి అయిపోయిన క్షణాన చర్య ఒక్కసారిగా అందుకుంటుంది. 60 డిగ్రీల దగ్గర పర్‌సల్ఫేట్ సగం విడిపోవడానికి దాదాపు రెండున్నర రోజులు పడుతుంది. 80 దగ్గర రెండు గంటల చుట్టూ. అంటే బాత్‌ను ఇరవై డిగ్రీలు పెంచి మీరు రాడికల్స్ పుట్టే వేగాన్ని ముప్పై రెట్ల దగ్గరకు తీసుకెళ్ళారు. అది కూడా మోనోమర్ అంతా ఖర్చు కాకుండా, నిండుగా ఉన్న సమయంలో. అప్పటికే రెండోసారి వేసిన పర్‌సల్ఫేట్ కూడా అందులోనే ఉంది.

చర్య మొదలవకపోతే ఆ ప్రయోగం అక్కడికి చాలించండి. బాత్ తీసేసి చల్లార్చండి. హైడ్రోక్వినోన్ వేయండి. నైట్రోజన్ సిలిండర్ ఎలాంటిదో, గొట్టాల అతుకులు గాలి లాగుతున్నాయేమో చూడండి. రేపు తాజా పర్‌సల్ఫేట్‌తో మళ్ళీ మొదలుపెట్టండి. పోయేది ఒక్క రోజు. ఆ రోజు పోయినందుకు ఏ గైడూ మిమ్మల్ని ఏమీ అనకూడదు. అంటే ఆ తప్పు గైడ్‌ది.

ఇప్పుడు వేడి సంగతి. ప్రయోగానికి ముందు ప్రతి విద్యార్థీ ఈ లెక్క తన నోటుబుక్కులో తానే వేయాలి. ఆక్రిలమైడ్ పాలిమర్‌గా మారితే మోల్‌కు 82 కిలోజౌళ్ళ దాకా వేడి వస్తుంది. ఒక మోల్ అంటే 71 గ్రాములు. కిలో ద్రావణంలో 100 గ్రాముల ఆక్రిలమైడ్ ఉందనుకోండి. మొత్తం చర్య జరిగితే 115 కిలోజౌళ్ళు. ఆ వేడి బయటికి పోయే దారి లేకపోతే ద్రావణం 27 డిగ్రీలు ఎక్కుతుంది. 60తో మొదలైనది 87 అవుతుంది. ఇదే 20 శాతం ద్రావణమైతే 55 డిగ్రీలు ఎక్కాలి. 60కి 55 కలపండి. నీళ్ళు మరిగే హద్దు దాటిపోయింది. ఇక నీళ్ళే కలపని ఆక్రిలిక్ ఆమ్లానికి ఇదే లెక్క వేస్తే పెరుగుదల నాలుగొందల డిగ్రీలు దాటుతుంది. ఆ ఆమ్లం మరిగేది 141 దగ్గర.

పది మిల్లీలీటర్లు పట్టే సన్నని గాజుగొట్టంలో ఈ వేడి గోడల్లోంచి బాత్‌లోకి పోతుంది. మీకు ఏమీ తెలియదు. బాగా జరిగిందని అదే గాఢతతో రెండు లీటర్ల ఫ్లాస్కులో చేస్తారు. చర్యా వేగం రెండిట్లోనూ ఒకటే. వేడి బయటపడే దారి మాత్రం ఒకటి కాదు. ద్రవం ఘనపరిమాణం ఎంత పెరుగుతుందో గోడ వైశాల్యం అంత పెరగదు. చిన్న కంపెనీల్లో పనిచేసే తమ్ముళ్ళు ఇది మరీ జాగ్రత్తగా వినాలి. ల్యాబ్ నుంచి వచ్చిన వేగం అంకె కాగితం మీద సరిగ్గానే ఉంటుంది. మీ రియాక్టర్ జాకెట్ ఆ వేడిని లాగగలదా లేదా అన్నది ఆ కాగితం చెప్పదు. దాన్ని ఇంకొకరు లెక్కవేయాలి, లేదా క్యాలరీమీటర్‌లో కొలవాలి. మోనోమర్ అంతా ఒక్కసారే పోయకుండా కొద్దికొద్దిగా వదిలే పద్ధతి పెట్టుకోండి.

మరో ప్రమాదం మధ్యలో వస్తుంది. గొలుసులు పెరిగే కొద్దీ ద్రావణం చిక్కబడుతుంది. చిక్కదనంలో పెద్ద రాడికల్స్ ఒకదాన్నొకటి కలుసుకోలేవు, అంటే ఆగిపోయే చర్య మందగిస్తుంది. చిన్న మోనోమర్ అణువులు మాత్రం తేలిగ్గానే వచ్చి చేరుతుంటాయి. మోనోమర్ తగ్గుతున్నా వేగం పెరుగుతుంది. నోరిష్, స్మిత్ 1942లోనే చూపిన సంగతి ఇది. తర్వాత ట్రామ్స్‌డార్ఫ్ పేరు మీద స్థిరపడింది. అదే సమయంలో స్టిర్రర్ తిరగలేకపోతుంది, వేడి కదలలేకపోతుంది. వేగం పెరగడం, వేడి ఇరుక్కుపోవడం రెండూ ఒకే నిమిషంలో జరుగుతాయి.

కాబట్టి కళ్ళు తెరిచి చూడండి. అయస్కాంత స్టిర్రర్ పుల్ల తడబడుతోందా? ద్రావణంలో తీగల్లా చారలు కనిపిస్తున్నాయా? నైట్రోజన్ బుడగలు నెమ్మదించాయా, పెద్దవై కష్టంగా పైకి వస్తున్నాయా? ఫ్లాస్కు మెడలో ఆవిరి పేరుకుంటోందా? లోపలి ఉష్ణోగ్రత బాత్ కంటే రెండు డిగ్రీలు ఎక్కువ చూపిస్తోందా? వీటిలో ఏ ఒక్కటి కనిపించినా చర్య మీ చెయ్యి దాటబోతోందని అర్థం.

లోపలి ఉష్ణోగ్రత అన్నాను. దాని దగ్గర కాస్త ఆగాలి. చాలా ల్యాబుల్లో థర్మామీటర్ బాత్‌లో ఉంటుంది, ఫ్లాస్కులో ఉండదు. నోటుబుక్కులో ‘60 డిగ్రీలు’ అని రాస్తారు. అది నీళ్ళ ఉష్ణోగ్రత. ఫ్లాస్కులో 68 ఉండొచ్చు. పది డిగ్రీలు పెరిగితే ఈ చర్య వేగం రెట్టింపు దాటుతుంది కాబట్టి మీ కొలత అప్పటికే తప్పు. ప్రాణానికి పనికొచ్చే ఆ థర్మామీటరే మీ థీసిస్‌కూ పనికొస్తుంది. భద్రత కోసం ప్రయోగం చెడుతుందని ఎవరైనా అంటే నమ్మకండి.

థర్మామీటర్ ఎక్కడ పెట్టామన్నది ఎంత పెద్ద విషయమో తెలుగువాళ్ళకు ఒకరు చెప్పాల్సిన పని లేదు. 2020 మే 7 తెల్లవారుజామున విశాఖపట్నం ఆర్.ఆర్. వెంకటాపురంలో ఎల్జీ పాలిమర్స్ ట్యాంకు నుంచి స్టైరీన్ ఆవిరి ఊరి మీదికి వచ్చింది. 12 మంది ప్రాణాలు పోయాయి. స్టైరీన్ నీటిలో కరిగేది కాదు. కానీ జరిగింది ఇదే ఫ్రీ రాడికల్ గొలుసు చర్య, ఎవరూ మొదలుపెట్టకుండా దానంతటదే మొదలైంది. రాష్ట్ర ప్రభుత్వం వేసిన ఉన్నతస్థాయి కమిటీ చెప్పిన మాటలు చదివితే గుండె తరుక్కుపోతుంది. ఉష్ణోగ్రత కొలిచే పరికరం ట్యాంకు అడుగున ఉంది. పై పొరల్లో ఎంత వేడెక్కిందో చెప్పే సాధనమే లేదు. నిరోధకం నిల్వ లేదు. కరిగిన ఆక్సిజన్ ఎంతుందో చూసే ఏర్పాటు లేదు. అంకె రోజూ రాశారు. ఆ అంకె తప్పు చోటు నుంచి వచ్చింది.

దానికి దాదాపు ఎనిమిదేళ్ళ ముందు, 2012 సెప్టెంబరు 29న, జపాన్‌లోని హిమేజీలో నిప్పాన్ షొకుబాయ్ కర్మాగారంలో ఆక్రిలిక్ ఆమ్లం ట్యాంకు పేలింది. ఒక అగ్నిమాపక ఉద్యోగి మరణించారు. ముప్పై మందికి పైగా గాయపడ్డారు. అక్కడా ట్యాంకు పై భాగంలో ద్రవం కదలిక లేకుండా నిలిచిపోయింది. అక్కడా ఉష్ణోగ్రత మీద సరైన నిఘా లేదు. నిలిచిన చోట ఆమ్లం అణువులు రెండేసి జతకట్టే చర్య వేడి పుట్టించింది. ఆ జతకట్టే చర్యను ఏ నిరోధకమూ ఆపలేదు. ఆ వేడి పాలిమరీకరణను లేపింది. మీ ల్యాబులో స్వేదనం చేసిన ఆమ్లాన్ని వారాల తరబడి దాచుకునేవాళ్ళు ఈ మాట మనసులో పెట్టుకోండి. ఏ రోజుకు కావలసింది ఆ రోజే శుద్ధి చేసుకోండి.

దాచుకోవడం అంటే గుర్తొచ్చింది, ఫ్రిజ్. ఆక్రిలిక్ ఆమ్లం 13 డిగ్రీలకే గడ్డకడుతుంది. ఆదిలాబాద్‌లో చలికాలం రాత్రి బయట పెట్టినా చాలు, హైదరాబాద్‌లో కూడా కొన్ని రాత్రులు చాలు. గడ్డకట్టేటప్పుడు నిరోధకం గడ్డలోకి పోదు, మిగిలిన ద్రవంలో పేరుకుంటుంది. పొద్దున్నే వచ్చిన విద్యార్థి తొందర కొద్దీ సీసాను హాట్‌ప్లేట్ మీద పెడతాడు, లేదా వేడినీళ్ళలో దింపుతాడు. గోడ పక్కన ముందుగా కరిగిన ఆమ్లంలో నిరోధకం దాదాపు లేదు, వేడి మాత్రం నిండుగా ఉంది. ఇలాంటి సీసాలు పేలాయి. గడ్డకట్టిన సీసాను గది ఉష్ణోగ్రతలో గంటల తరబడి వదిలి, మధ్యమధ్య మెల్లగా కదిలిస్తూ కరగనివ్వండి. గోరువెచ్చని నీళ్ళు వాడాల్సి వచ్చినా 35 డిగ్రీలు దాటనివ్వకండి. సగం కరిగినప్పుడు పైనున్న ద్రవాన్ని ఒంపుకోకండి. వేసవిలో దీనికి ఎదురు బాధ. కరెంటు పోయిన మే నెల మధ్యాహ్నం స్టోర్‌రూమ్ ఎంత వేడెక్కుతుందో మీకు తెలుసు. ఈ ఆమ్లానికి 15 నుంచి 25 డిగ్రీల మధ్య ఉండే చోటు కావాలి. ఆ చోటు లేకపోతే ఎక్కువ కొనకండి.

పేలుడు గురించే చెబుతూ పోతే అసలు ఆక్రిలమైడ్ మౌనంగా చేసే హాని మరుగున పడిపోతుంది. అది చర్మం గుండా లోపలికి పోతుంది. వాసన హెచ్చరించదు. మంట పుట్టించి ఆపదు. నరాలను పట్టుకుంటుంది. మొదట అరచేతుల చర్మం పొట్టులా లేస్తుంది, చేతులు ఊరికే చెమట పడతాయి. తర్వాత వేళ్ళ చివర్లు తిమ్మిరెక్కుతాయి. తర్వాత నడక తూలుతుంది. ఇవన్నీ వారాల తర్వాత కనిపిస్తాయి, అప్పటికి మీరు ఎప్పుడు ముట్టుకున్నారో మర్చిపోయి ఉంటారు. క్యాన్సర్ కలిగించగల అవకాశం గట్టిగా ఉన్నదని అంతర్జాతీయ క్యాన్సర్ పరిశోధన సంస్థ 1994లోనే దీన్ని 2ఎ వర్గంలో పెట్టింది. 1997లో స్వీడన్‌లోని హాలాండ్‌సోస్ సొరంగంలో నీటి ఊట ఆపడానికి ఆక్రిలమైడ్ ఉన్న పదార్థాన్ని గోడల్లోకి ఎక్కించారు. అది పూర్తిగా గట్టిపడకుండా వాగులోకి చేరింది. చేపలు చచ్చాయి. ఆ నీళ్ళు తాగిన ఆవులు కాళ్ళు చచ్చుబడి కూలాయి. సొరంగంలో పనిచేసిన కార్మికుల్లోనూ నరాల బాధలు కనిపించాయి. పాలిమర్ నిరపాయకరమే కావచ్చు. చర్య పూర్తి కాక మిగిలిన మోనోమర్ మాత్రం విషమే.

అందుకే తూచేటప్పుడు చూడండి. తక్కెడ చుట్టూ రాలిన తెల్లటి పొడిని చేత్తో తుడిచేస్తున్నారు. అదే చేత్తో ఫోన్ తీస్తున్నారు. అదే ఫోన్ చెంపకు ఆనుతుంది. పొడి తూచడం కంటే కొన్న 40 శాతం ద్రావణం వాడండి, సగం బాధ తప్పుతుంది. నైట్రైల్ గ్లౌజులు వేసుకోండి, చుక్క పడగానే మార్చండి. గ్లౌజు తొడుక్కున్న చేత్తో తలుపు పిడి పట్టకండి. పక్క ల్యాబులో జీవశాస్త్రం పిల్లలు జెల్ పోస్తుంటారు. వాళ్ళకూ ఈ మాట చెప్పండి, గట్టిపడిన జెల్‌లో కూడా మోనోమర్ మిగిలే ఉంటుంది. పర్‌సల్ఫేట్ పొడి కూడా మంచిది కాదు, పడనివాళ్ళకు ఉబ్బసం తెస్తుంది.

చివరగా ఆ మూల ఉన్న వేస్ట్ బాటిల్. ప్రయోగం అయిపోయింది, మిగిలిన ద్రావణాన్ని అందులో పోసి మూత గట్టిగా బిగించి ఇంటికి వెళ్ళిపోతారు. అందులో మోనోమర్ ఉంది, ఇనిషియేటర్ ఉంది, నిన్నటి యాసిడ్ ఉంది, మొన్నటి ఇంకేదో ఉంది. కొలవడం ఆపేశాక కూడా చర్య ఆగదు. రాత్రి పదకొండుకు ఆ బాటిల్ వేడెక్కితే చూసేవాళ్ళెవరు? శాంపిల్స్‌లో హైడ్రోక్వినోన్ వేసినట్టే మిగిలినదానిలోనూ వేయండి. పలుచన చేయండి. గాలి పోయే మూత పెట్టండి. పేరు, తేదీ రాయండి. సింకులో మాత్రం పోయకండి.

గైడ్లకూ, హెచ్‌వోడీలకూ ఒక్క విన్నపం. మీరందరూ పిల్లల మంచి కోరేవాళ్ళే. కొత్త విద్యార్థి మొదటి బ్యాచ్ చేసే రోజు పక్కన నిలబడండి. మొదటి ప్రయోగం 10 శాతం ద్రావణంతో, 50 మిల్లీలీటర్లకు మించకుండా చేయించండి. వేడి లెక్క చూపించకపోతే ఇనిషియేటర్ సీసా ఇవ్వకండి. ఆదివారం ఒంటరిగా ల్యాబ్ తెరవనివ్వకండి.

ఇంత చేసినా ఒకరోజు ఫ్లాస్కు చెయ్యి దాటవచ్చు. అప్పుడు ఏం చేయాలో ముందే అనుకొని ఉండాలి. వేడి ఇంకా రెండు మూడు డిగ్రీలే ఎక్కువైతే బాత్ కిందికి దింపి ఐస్ పెట్టండి, సిద్ధంగా ఉంచుకున్న హైడ్రోక్వినోన్ ద్రావణం పోయండి, నైట్రోజన్ ఆపి గాలి తగలనివ్వండి. ద్రావణం మరుగుతోంది, ఆవిరి చిమ్ముతోంది అంటే దాన్ని ముట్టుకోకండి. మూత వేయకండి. ఎత్తుకొని బయటికి పరిగెత్తకండి. ఫ్యూమ్ హుడ్ అద్దం దించేసి అందరూ బయటికి రండి. కరెంటు బయటి నుంచే తీయండి. నోటుబుక్కు కోసం, ఫోన్ కోసం వెనక్కి వెళ్ళకండి. ఆమ్లం కంట్లో పడ్డవాళ్ళుంటే పదిహేను నిమిషాలు నీళ్ళతో కడుగుతూ ఉండండి, ఇంకొకరు 108కి ఫోన్ చేయండి. 101కి కూడా చేయండి. అగ్నిమాపక సిబ్బంది వచ్చేసరికి గేటు దగ్గరే ఎదురెళ్ళి, ఏ మోనోమర్, ఎన్ని లీటర్లు, ఎప్పటి నుంచి వేడెక్కుతోంది అన్నది వాళ్ళు లోపలికి అడుగు పెట్టకముందే చెప్పండి.